మలివయసులో విలువల వెతుకులాట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చింత కనిపించింది. బాధ్యతలు తీరిపోయాయి, చేతినిండా సమయం ఉంది, ఇక దేనికోసం బతకాలన్నదే తేలడం లేదని చాలామంది రాశారు. వాటిలో అయిదింటిని ఎంచుకుని, రాసినవారి వివరాలు తొలగించి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: ఒక సంస్థ లెక్కల విభాగంలో 34 ఏళ్లు పనిచేసి రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. డబ్బుకు ఇబ్బంది లేదు, ఆరోగ్యం ఫరవాలేదు. అయినా నేను లేకపోతే ఆగిపోయే పని ఒక్కటీ లేదన్న తలంపు పొద్దున లేవగానే మొదలవుతోంది. ఈమధ్య నాలాంటివారి కోసం నడిపే ఒక శిక్షణ తరగతికి వెళితే, వందకు పైగా మాటలున్న కాగితం ఇచ్చి, మీ జీవితానికి మూలమైన అయిదు విలువలను గుర్తించమన్నారు. నిజాయితీ, కుటుంబం, సేవ, ఆరోగ్యం, ప్రశాంతత అని గుర్తు పెట్టి వచ్చాను. ఆ కాగితాన్ని ఎంతసేపు చూసినా ఏం చేయాలో తోచడం లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఆలోచనలు రాలేదు. ఒకసారి కింది స్థాయి ఉద్యోగికి రావలసిన బకాయిల కోసం పై అధికారితో పట్టుబట్టినందుకు నా పదోన్నతి వెనక్కి పోయింది కానీ, అది వేరే కథ. నేను ఎంచుకున్న మాటలే తప్పా?

సమాధానం: మాటల్లో తప్పు లేదు, వాటిని మీ చేత ఎంపిక చేయించిన తీరులోనే లోపం ఉంది. నిజాయితీ వద్దనేవారు, ప్రశాంతత అక్కర్లేదనేవారు ఎక్కడుంటారు? మంచి మాటలన్నీ వరుసగా రాసి నచ్చినవి ఏరుకోమంటే, ఎవరైనా తన గురించి నలుగురూ ఏమనుకుంటే బాగుంటుందో ఆ మాటలనే ఏరుకుంటారు. విలువలను శాస్త్రీయంగా కొలవడానికి పూనుకున్న అమెరికా మనస్తత్వవేత్త మిల్టన్ రోకీచ్ 1973లో వెలువరించిన గ్రంథంలో వివరించిన పద్ధతి ఇందుకు భిన్నంగా ఉంటుంది. జీవితంలో అందుకోదగిన స్థితులు 18, నడవడికకు సంబంధించిన గుణాలు 18 చొప్పున రెండు జాబితాలు ఇచ్చి, ఏ జాబితాకు ఆ జాబితాను మొదటి నుంచి చివరి దాకా ప్రాధాన్య క్రమంలో పేర్చమంటారు. అన్నీ మంచివే అయినప్పుడు, ఒకదానికోసం దేన్ని వెనక్కి నెట్టగలమన్న చోటనే మనిషి అసలు మొగ్గు బయటపడుతుందని దాని వెనుక ఉన్న ఆలోచన. అయిదింటికి సమానంగా గుర్తు పెట్టిన మీ కాగితం ఆ పరీక్షను దాటవేసింది.

మీ అయిదు మాటలనే కాస్త నిలదీసి చూడండి. ఆరోగ్యాన్ని అందరూ కోరుకుంటారు, అయితే ఆ ఆరోగ్యంతో ఏం చేస్తామన్నదే మనిషికీ మనిషికీ మారుతుంది. కుటుంబం అనేది మన విలువలు పనిచేసే చోటు. ఆ కుటుంబంలో మీకు ముఖ్యమైనది అందరినీ ఒకచోట ఉంచడమా, ఎవరికీ అన్యాయం జరగకుండా చూడడమా, మీ మాటకు గౌరవం ఉండడమా అన్నది ఆ ఒక్క పదంలో తెలియదు. సేవ అన్నది మరీ బోలు మాట. ఎవరికి, ఏ లోటు తీర్చడానికి అన్నది తేలేదాకా దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇక మీరు ‘వేరే కథ’ అంటూ ఒక్క వాక్యంలో దాటేసిన సంగతికి వద్దాం. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో విలువ అనదగినది అక్కడే ఉంది. మీకు ఏ లాభమూ లేని చోట, నష్టం తప్పదని తెలిసి కూడా, మరొకరికి న్యాయంగా రావలసినది రావాలని మీరు పట్టుబట్టారు. ఇన్నేళ్ల తర్వాత, సంబంధం లేని ప్రశ్న అడుగుతూ కూడా దాన్ని రాయకుండా ఉండలేకపోయారు. విలువలను వెతకవలసింది ఇలాంటి చోట్లలోనే. ఎవరూ అడగకపోయినా శ్రమపడి చేసిన పనులేవి? మీకు జరగకపోయినా, మరొకరికి జరిగినందుకు ఇప్పటికీ మనసు రగిలే అన్యాయాలేవి? ఎవరి జీవితాన్ని చూస్తే లోలోపల కాస్త అసూయ కలుగుతుంది? చివరి ప్రశ్నకు జవాబివ్వడానికి చాలామంది సిగ్గుపడతారు కానీ, మనం పక్కన పెట్టేసిన కోరికలను అసూయంత నిక్కచ్చిగా చూపించేది మరొకటి లేదు. ఒక్కో ప్రశ్న కింద రెండు మూడు సంఘటనలు, ఎక్కడ, ఎవరితో, ఏం జరిగిందో వివరంగా రాయండి. విలువ పేరు ముందుగా రాయకండి. సంఘటనలన్నీ రాశాక వాటిని వరుసగా చదివితే ఒకే ధోరణి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, పేరు అప్పుడు పెట్టుకోవచ్చు.

అలా తేలినది ‘ఎవరికి రావలసినది వారికి అందాలి’ అన్న విలువే అనుకుందాం. అంతమాత్రాన అది జీవిత ప్రయోజనం అయిపోదు. దానికి మీ చేతిలో ఉన్న నేర్పు తోడు కావాలి, ఆ నేర్పు అవసరమైన మనుషులూ కావాలి. లెక్కలు, దస్తావేజులు, నిబంధనల భాష మీకు కొట్టిన పిండి. పింఛను దరఖాస్తు తిరిగి వచ్చినవారు, బీమా సొమ్ము ఎందుకు ఆగిందో తెలియనివారు, భర్త పోయాక బ్యాంకు కాగితాల ముందు దిక్కుతోచక కూర్చున్న స్త్రీలు ఎక్కడైనా ఉంటారు. సంస్థ పెట్టవద్దు, పదవి తీసుకోవద్దు, ముందుగా ఒక్కరి కాగితాలు తీసుకుని చివరి దాకా నడపండి. ఆ పని సాగుతున్నన్నాళ్లూ పొద్దుటి తలంపు ఎలా మారుతోందో గమనించండి. మారకపోతే పేరు పెట్టడంలోనో, పని ఎంచుకోవడంలోనో పొరపాటు జరిగిందని తెలుస్తుంది, మరొకటి చూడవచ్చు. పదవీ విరమణ చేసిన పెద్దలు సంఘాల్లో అధ్యక్ష, కార్యదర్శి పదవులకోసం పోటీపడడం చూస్తుంటాను. చాలాచోట్ల అది పోయిన కుర్చీకి మరో కుర్చీని వెతుక్కోవడంగానే నాకు కనిపిస్తుంది.

మరొక్క మాట. ఉద్యోగంలో మనను నడిపించేవి లక్ష్యాలు: ఈ ఏడాది లెక్కలు ముగించాలి, ఈ మెట్టు ఎక్కాలి. లక్ష్యం నెరవేరితే ముగుస్తుంది. విలువ అలా ముగిసేది కాదు, అది నడిచే దిక్కును మాత్రమే చెబుతుంది. స్టీవెన్ హేస్ తదితరులు రూపొందించిన మానసిక చికిత్సా విధానం ఒకటి ఈ తేడా మీదనే చాలావరకు ఆధారపడుతుంది. పదవీ విరమణతో మీకు ముగిసినవి లక్ష్యాలు. బకాయిల కోసం పట్టుబట్టిన మనిషికి విరమణ వయసంటూ ఉండదు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. పెళ్లయినప్పటి నుంచి అత్తమామలు, పిల్లలు, మావారి ఉద్యోగం, వీటి చుట్టూనే తిరిగాను. మంచంలో ఉన్న మా అత్తగారిని ఆరేళ్లు చూసుకున్నాను. మందులు, బీపీ, నిద్ర అన్నీ పూట పూటకూ నోటుపుస్తకంలో రాసేదాన్ని. డాక్టరుగారు అది చూసి తన దగ్గరి నర్సులకు కూడా చూపించారు. ఆవిడ పోయారు, పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. ‘ఇకనైనా నీకిష్టమైనది చెయ్యమ్మా’ అంటోంది మా అమ్మాయి. ఆ మాట వింటే ఏడుపొస్తోంది. నాకు ఏది ఇష్టమో నాకే తెలియదు. ఇన్నేళ్లూ ఇతరుల కోసం బతికిన మనిషికి సొంత విలువలంటూ ఉంటాయా? మా అబ్బాయి మాత్రం మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి తమ దగ్గరే ఉండిపొమ్మంటున్నాడు.

సమాధానం: అమ్మా, ఉంటాయి. అయితే మీ విషయంలో అవి విధుల కింద పూడిపోయి ఉన్నాయి కనుక తవ్వి తీయడానికి కొంత ఓపిక కావాలి. మీ అమ్మాయి ప్రేమతోనే అడిగింది కానీ, ‘ఏది ఇష్టం’ అన్న ప్రశ్న మీకు ఇప్పుడు పనికిరాదు. ఇష్టాలను గమనించుకునే తీరిక లేకుండా మూడు దశాబ్దాలు గడిపిన మనిషిని హఠాత్తుగా అలా అడిగితే తడబడడం సహజం. దానికి బదులు ఇలా ఆలోచించండి. ఇన్నేళ్లు చేసిన పనుల్లో, లోకం ఏమంటుందోనన్న భయంతో చేసినవి ఏవి? ఎవరూ చూడకపోయినా అలాగే చేసి ఉండేవి ఏవి? రోగిని చూసుకోవడం మీ విధి అనుకున్నా, పూట పూటకూ పుస్తకంలో రాయడం ఎవరూ మీకు అప్పగించిన విధి కాదు. ఒక మనిషిని శ్రద్ధగా గమనించి, ఆ గమనించినది మరొకరికి పనికివచ్చేలా నమోదు చేయడం మీ స్వభావంలోనే ఉంది. ‘ఇతరుల కోసం బతికాను’ అన్న మాటలో మీరు దాన్ని కలిపేస్తున్నారు, కలపకండి.

అమెరికాలో వృద్ధుల మానసిక ఆరోగ్యం మీద కృషి చేసిన వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో రాసిన ఒక వ్యాసంలో, వయసు మీరినవారు గతాన్ని తలచుకోవడం చాదస్తమో మతిమరుపుకు సూచనో కాదనీ, జీవితాన్ని సమీక్షించుకుని తేలని విషయాలను తేల్చుకునే సహజమైన ప్రక్రియ అనీ వాదించాడు. ఆ రోజుల్లో వైద్యులే దాన్ని లోపంగా చూసేవారు. కాబట్టి కొన్నాళ్లు మొహమాటం లేకుండా గతంలోకి వెళ్లండి. పెళ్లికి ముందు మీరు ఎలాంటి అమ్మాయి? ఏ పనిలో పడితే పొద్దు తెలిసేది కాదు? మధ్యలో వదిలేసిన చదువో, చేతిపనో ఉందా? రాయడం అలవాటే కనుక ఆ నోటుపుస్తకం లాంటిదే మరొకటి తీసుకుని, ఈసారి మీ గురించి రాయండి. వినే మనిషి ఉంటే మరీ మంచిది, అందుకు మీ అమ్మాయినే అడగవచ్చు.

మీ అబ్బాయి కోరికను గురించి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. వెంటనే ఒప్పుకోకండి, కాదని కూడా అనకండి. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజిస్తూ, ఏడవ దశకు సారం తర్వాతి తరాన్ని పెంపొందించే తపన అనీ, అది లేనప్పుడు మనిషి స్తబ్ధుగా మిగిలిపోతాడనీ చెప్పాడు. తర్వాతి తరమంటే సొంత పిల్లలూ మనవలూ మాత్రమేనని ఆయన అనలేదు. బోధించడం, నేర్పును అందించడం, నలుగురికి పనికివచ్చేదేదైనా నిలబెట్టడం కూడా అందులోకే వస్తాయి. మనవడితో గడపడం మీకు ఆనందమైతే వెళ్లండి, అయితే ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని గంటలు, మీకంటూ మిగిలే సమయం ఎంత అన్నది ముందుగానే మాట్లాడుకోండి. ఆరేళ్లు రోగి పక్కన గడిపిన శరీరానికి విశ్రాంతి బాకీ ఉంది. శ్రద్ధ మీ విలువ అయినంత మాత్రాన ఆ శ్రద్ధను ఎవరు అడిగితే వారికి ధారపోయాలన్న నియమం లేదు. కొంత తేరుకున్నాక, ఇంట్లో రోగిని చూసుకోవడం కొత్తగా మొదలైనవారికి మీ నోటుపుస్తకం పద్ధతిని నేర్పవచ్చునేమో ఆలోచించండి. డాక్టరుగారు మెచ్చిన విషయం వారికి ఎంత ఉపయోగమో మీకే బాగా తెలుసు.

ప్రశ్న: జీవితానికి ప్రయోజనం ఉన్నవారు ఎక్కువకాలం బతుకుతారని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నాకు 71 ఏళ్లు. ఏ ధ్యేయమూ లేకుండా పత్రిక చదువుకుంటూ, ఇద్దరు స్నేహితులతో చదరంగం ఆడుకుంటూ హాయిగా ఉన్నాను. నేను భయపడాలా?

సమాధానం: అక్కర్లేదు. మీరు చదివిన వార్తల వెనుక నిజమైన అధ్యయనాలే ఉన్నాయి. జపాన్‌లోని ఒహ్‌సాకి ప్రాంతంలో 43,391 మందిని ఏడేళ్లు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలోనూ, అమెరికాలో 50 ఏళ్లు దాటిన 6,985 మంది వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనంలోనూ, బతుకుకు ఒక అర్థం ఉందని చెప్పినవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. అయితే ఇవి రెండు విషయాలు కలిసి కనబడుతున్నాయని చెబుతాయే తప్ప, ఒకటి రెండోదానికి కారణమని నిరూపించవు. లోలోపల జబ్బు మొదలైన మనిషికి ఉత్సాహం ముందే తగ్గుతుంది కదా! పరిశోధకులు అనారోగ్యాన్ని లెక్కలోకి తీసుకుని సవరణలు చేస్తారు కానీ, ఆ సవరణ సంపూర్ణంగా జరగడం కష్టం. ఆయుర్దాయం కోసం ధ్యేయాన్ని వెతుక్కోవడం నాకైతే తలకిందుల వ్యవహారంగా తోస్తుంది.

పైగా మీకు ఏ విలువలూ లేవనుకోవడం పొరపాటు. ముందున్న కాలం పరిమితమని గ్రహించిన కొద్దీ మనుషులు కొత్త పరిచయాలు, భవిష్యత్తుకు పనికివచ్చే సంపాదనలు తగ్గించుకుని, మనసుకు దగ్గరైన కొద్దిమందికే సమయం ఇస్తారని లారా కార్‌స్టెన్‌సెన్ అనే పరిశోధకురాలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. మీ ఇద్దరు స్నేహితులలో ఒకరు రెండు రోజులు ఆటకు రాకపోతే మీరేం చేస్తారో ఊహించుకోండి, మీ విలువ ఏమిటో తెలిసిపోతుంది.

ప్రశ్న: 74 ఏళ్ల వయసులో పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కాలు సరిగా పనిచేయవు. ఒకరి మీద ఆధారపడకూడదు, కష్టపడి పనిచేయాలి, పదిమందికి సాయపడాలి అన్నవే జీవితమంతా నా సూత్రాలు. ఇప్పుడు అవే నన్ను వేధిస్తున్నాయి. ఆరు నెలలుగా దేని మీదా ఆసక్తి లేదు, నిద్ర పట్టదు. నా కోడలు ఈ ఉత్తరం రాసిపెడుతోంది.

సమాధానం: ముందుగా అత్యవసరమైన విషయం. ఆసక్తి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం రెండు వారాలకు మించి కొనసాగితే అది డిప్రెషన్ కావచ్చు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి అది వస్తుంది. వయసు వల్ల వచ్చే దిగులు అని సరిపెట్టుకోవలసినది కాదు, చికిత్సకు లొంగుతుంది. విలువల మథనం దానికి మందు కాలేదు. ఈ వారంలోనే మీ డాక్టరుగారికి మీరు నాకు రాసిన మాటలే చెప్పండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఒక్క రోజు కూడా ఆగకండి. ఉత్తరం రాసిన అమ్మాయికి కూడా ఇదే నా విన్నపం.

ఇక మీ సూత్రాల సంగతి. పదిమందికి సాయపడడం అనే విలువ మీకు ఇన్నాళ్లూ కాలూ చేయీ ఆడించే పనుల రూపంలోనే కనిపించింది కనుక, ఆ రూపం పోగానే విలువే పోయిందనిపిస్తోంది. నిర్బంధ శిబిరాల నరకం చూసి బయటపడిన వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ జీవితానికి అర్థం మూడు దారుల్లో దొరుకుతుందన్నాడు. ఏదైనా సృష్టించడం, పని చేయడం మొదటిది. ప్రేమను, సౌందర్యాన్ని, మరో మనిషి ఉనికిని అనుభవించడం రెండవది. తప్పించుకోలేని కష్టం ఎదురైనప్పుడు దాని పట్ల మనం తీసుకునే వైఖరి మూడవది. మీరు జీవితమంతా మొదటి దారిలోనే నడిచారు. మిగిలిన రెండూ దానికంటే తక్కువవని ఆయన అనలేదు.

ఆధారపడకూడదన్న సూత్రాన్ని మాత్రం మళ్లీ పరిశీలించండి. అది నిజంగా విలువేనా, లేక ఒకరి ముందు చేయి చాపవలసి వస్తుందన్న భయమా? మీరు సాయం చేసిన పదిమందినీ మీరు చులకనగా చూశారా? చూడలేదు కదా! సాయం అందుకుంటున్న తమను కూడా అదే చూపుతో చూసుకోవడం కష్టమే, కానీ ఇప్పుడు మీ చేతిలో ఉన్న పనుల్లో అదొకటి. మాట స్పష్టంగా ఉన్నట్లయితే రోజుకు అరగంట పాటు పిల్లలకు లెక్కలో, మీ వృత్తి మెలకువలో చెప్పవచ్చు. ఎడమ చేతితో రాయడం సాధన చేయవచ్చు. అయితే వైద్యం మొదలైన తర్వాతే వీటికి రండి, తొందర లేదు.

ప్రశ్న: మేమిద్దరం వచ్చే ఏడాది ఒకేసారి రిటైర్ అవుతున్నాం. దాచుకున్నదాంట్లో సగం పెట్టి పేద పిల్లలకు చదువు చెప్పే కేంద్రం మొదలుపెట్టాలని మావారి కోరిక. నాకు భయం. మాకు వచ్చే జబ్బులకు, అవసరాలకు దిక్కెవరు? ఆయన నన్ను స్వార్థపరురాలంటున్నారు, నేను ఆయన్ను బాధ్యత లేని మనిషి అంటున్నాను. ఎవరి విలువలు సరైనవి?

సమాధానం: ఇద్దరివీ సరైనవే, అందుకే గొడవ తెగడం లేదు. షలోమ్ ష్వార్ట్జ్ అనే మనస్తత్వవేత్త అనేక దేశాల్లో సేకరించిన సమాచారంతో 1992లో పది మౌలిక విలువలను ప్రతిపాదించి, వాటిని ఒక వృత్తంలో అమర్చాడు. పక్కపక్కన ఉన్నవి ఒకదానికొకటి సాయపడతాయి, ఎదురెదురుగా ఉన్నవి తరచుగా ఘర్షణ పడతాయి. భద్రత ఆ పదింటిలో ఒకటి, సాటి మనుషులందరి మేలు మరొకటి. మనిషన్న ప్రతివారిలోనూ పదీ ఎంతో కొంత ఉంటాయి, ప్రాధాన్యాలే మారతాయి. కనుక ఆయనకు భద్రత పట్టదనీ, మీకు పేద పిల్లల మీద జాలి లేదనీ అనుకోవడం ఇద్దరూ మానుకోవాలి. స్వార్థం, బాధ్యతారాహిత్యం అన్న మాటలను ఈ చర్చ ముగిసేదాకా ఇంట్లో వాడకూడదని ఒప్పందం చేసుకోండి.

ఆ తర్వాత కాగితాలు తీసుకుని వేర్వేరుగా కూర్చోండి. ఎంత సొమ్ము పక్కన ఉంటే నిశ్చింతగా నిద్రపోగలరో మీరు అంకెల్లో రాయండి. పిల్లలకు చదువు చెప్పడంలో తనకు ముఖ్యమైనది బోధించడమా, ఒక సంస్థను నిలబెట్టడమా, తన పేరు మిగలడమా అన్నది ఆయన్ను దాపరికం లేకుండా రాయమనండి. బోధించడమే అయితే ఇప్పటికే నడుస్తున్న చోటికి వెళ్లి ఏడాది పాటు చెప్పి చూడవచ్చు, దానికి దాచుకున్న సొమ్ముతో పనిలేదు. సంస్థే కావాలంటే మీరు రాసిన అంకెను ముట్టుకోకుండా మిగిలినదానితో ఏ పరిమాణంలో మొదలుపెట్టవచ్చో ఇద్దరూ కలిసి లెక్కవేయండి. సొమ్ము మీ ఇద్దరి కష్టార్జితం కనుక, ఆ అంకె విషయంలో మీ మాటను కాదని ముందుకు పోయే హక్కు ఆయనకు లేదన్నది నా స్పష్టమైన అభిప్రాయం. అదే విధంగా, ఆ అంకెను ఆయన ఒప్పుకున్నాక, మరో భయాన్ని ముందుకు తెచ్చి దాన్ని పెంచుకుంటూ పోవడం మీకూ తగదు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది కనుక, సెలవు రోజుల్లో ఆయన బోధన మొదలుపెట్టడానికి ఇప్పుడే అభ్యంతరం ఉండనక్కర్లేదు.